థాయ్‌లో 'పిల్లులు' అనాలంటే?

ప్రశ్న: ఉద్యోగం కోసం బ్యాంకాక్ వచ్చాక థాయ్ నేర్చుకుంటున్నానండీ. 'మ్యావ్' అంటే పిల్లి. పిల్లులన్నా మ్యావే అంటున్నారు! మన 'లు' లాంటిది లేకపోతే ఒకటో పదో ఎలా తెలుస్తుంది? చిన్నపిల్లల్ని 'దెక్ దెక్' అనడం విన్నాను. అలాగే 'మ్యావ్ మ్యావ్' అనేయొచ్చా?

జవాబు: వద్దండీ, ముద్దు మాటలా వినిపిస్తుంది. అలా జంటగా పలకడం కొన్ని మాటలకే, అదీ ఎక్కువగా మనుషులను చెప్పే వాటికే నప్పుతుంది. దెక్ దెక్ అంటే పిల్లలు, ఫుయన్ ఫుయన్ అంటే స్నేహితులు (ఈ ఫ మన 'ఫలం'లోది, 'ఫ్యాన్'లోది కాదు). రాసేటప్పుడు మాటను రెండోసారి రాయకుండా పక్కన చిన్న గుర్తు పెడతారు. దాని పేరు మై యమోక్. ఆ యమోక్ మన యమకమే, అలంకారాల్లో చదువుకున్నదే.

ఇక లెక్క చెప్పాల్సి వస్తే పని నామవాచకం మీద పడదు. ముందు వస్తువు, తర్వాత అంకె, ఆ తర్వాత ఆ జాతికి తగిన లెక్కమాట. 'మ్యావ్ సోంగ్ తువా' అంటే రెండు పిల్లులు. సోంగ్ అంటే రెండు, తువా అంటే ఒళ్ళు. పిల్లలైతే 'దెక్ సామ్ ఖొన్', ముగ్గురు పిల్లలు. ఖొన్ అంటే మనిషి. మనకూ 'పదిమంది' ఉంది కదా, దాదాపు అదే పని. కాకపోతే మనం 'పదిమంది పిల్లలు' అని 'లు' కూడా తగిలిస్తాం. వాళ్ళకు ఖొన్ చాలు.

అసలు కష్టం ఈ లెక్కమాటలతోనే. తువా జంతువులకే అనుకుంటే కుర్చీలకూ బల్లలకూ చొక్కాలకూ కూడా అదే. పుస్తకాలకూ కత్తులకూ కొవ్వొత్తులకూ 'లెమ్'. కార్లకూ గొడుగులకూ 'ఖన్'. ఇళ్ళకు 'లంగ్', అంటే వీపు. అడవి ఏనుగు తువా, మచ్చికైన ఏనుగు మాత్రం 'ఛువక్', అంటే తాడు. ఇవన్నీ బట్టీ పట్టాల్సిందే, సూత్రం వెతికితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మర్యాద కూడా ఇక్కడే దూరుతుంది. మనం ఒక్కరినే 'మీరు' అని బహువచనంలో గౌరవిస్తాం. వాళ్ళకు లెక్కమాట మారుతుంది: బౌద్ధ భిక్షువులను 'రూప్'తో లెక్కపెడతారు, బుద్ధ విగ్రహాలనూ రాజకుటుంబాన్నీ 'ఓంగ్'తో. మన రూపమూ అంగమూ అవి.

వ్యాఖ్య: అయితే థాయ్‌లో బహువచనమే లేదన్నమాట.

జవాబు: అలా అనడం నాకు నచ్చదండీ. ప్రత్యయం లేదంతే. వాళ్ళ వ్యాకరణంలో 'ఫహూఫోత్' అన్న మాటే ఉంది, అది మన బహువచనమే. అంకె తెలియకపోతే 'లాయ్' ఉంది: 'మ్యావ్ లాయ్ తువా', చాలా పిల్లులు. సర్వనామాలకు ముందు 'ఫువక్' చేరుస్తారు: 'ఫువక్ రావ్' అంటే మేము, మనమూ అదే. ఎదుటివాళ్ళు కలిశారో లేదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఉత్త 'రావ్' అన్నా మేమే, కాకపోతే చనువున్న చోట 'నేను' అని కూడా వాడతారు!

మనకు చుట్టంలా కనిపించేది విశేషణం. 'బాన్ సువయ్ సువయ్' అంటే అందమైన ఇళ్ళు. మనం 'మంచి మంచి ఇళ్ళు' అన్నప్పుడు ఒక్క ఇల్లు తలపుకు రాదు కదా, అలాగే. అయితే థాయ్‌లో జంట విశేషణం ఎప్పుడూ ఎక్కువ సంఖ్యనే చెప్పదు, కొన్నిసార్లు 'కాస్త అలాంటిది' అని అర్థాన్ని పలచన చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: లెక్కమాట గుర్తు రాకపోతే?

జవాబు: చిన్నాచితకా వస్తువులకు 'అన్' అనేయండి, అర్థం చేసుకుంటారు. హోటల్లో అయితే ఇంకా సులువు, సీసాల్లోనో ప్లేట్లలోనో అడగొచ్చు: 'నామ్ సోంగ్ ఖువత్', రెండు సీసాల నీళ్ళు. మనుషులకు మాత్రం పొరపాటున కూడా 'అన్' వాడకండి.