పగిలిన హెడ్‌లైట్: అతికించి సరిపెట్టుకోవాలా, మొత్తం మార్చాలా?

రేణిగుంట కారు

కరకంబాడి రోడ్డులో ముందు వెళ్తున్న ట్రాక్టర్ ఉన్నట్టుండి ఆగింది. ట్రాలీ మూల నా కారు కుడి హెడ్‌లైట్‌కి కొట్టుకుంది. మామూలు హాలోజెన్ లైట్లున్న చిన్న కారు. పైన గ్లాస్ పగిలింది, బిగించే లాక్ ఒకటి విరిగింది. బల్బు వెలుగుతోంది. షోరూమ్‌లో "రిపేర్ ఉండదు సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి" అని, అంటే హెడ్‌లైట్ సెట్టు అంతా, లేబర్, ట్యాక్స్ కలిపి రూ. 7,500 చెప్పారు. ఆటోనగర్‌లో మెకానిక్ రూ. 1,800కే గ్లాస్ మార్చి, లాక్ అతికించి ఇస్తానంటున్నాడు. మా నాన్న రిపేర్ చాలంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. ఇన్సూరెన్స్ ఉంది, జీరో డెప్ (పార్టుల మీద తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. మీరైతే ఏం చేస్తారు?

పాకాల ట్యాక్సీ

మీ నాన్నగారి మాటే కరెక్ట్ సార్. వెలుగుతున్న లైటు తీసి పారేసి ఏడున్నర వేలు పోయడం ఎందుకు? షోరూమ్‌లో రిపేర్ అనే మాటే ఉండదు, ఏది చూసినా మార్చమనే అంటారు. లాక్‌కి ప్లాస్టిక్ వెల్డింగ్ చేయిస్తే గట్టిగా నిలుస్తుంది. నా బండికి చేయించాను, గుంతల రోడ్ల మీద తిరుగుతున్నా ఇంతవరకు కదల్లేదు. మరీ మార్చాలనే ఉంటే చెన్నై పుదుపేటలో సెకండ్ హ్యాండ్ అసెంబ్లీ వెతకండి. కిరాయిల మీద బతికేవాళ్లం, ఒక్క లైటుకు వారం సంపాదన పెట్టమంటే ఎలా?

చంద్రగిరి వాసి

లాక్ విషయంలో పాకాల అన్నతో నాకు పేచీ లేదు. లాక్ మాత్రమే విరిగితే అసెంబ్లీ మార్చమనడం దండగ. కొన్ని మోడళ్లకు లాక్ రిపేర్ కిట్లు కూడా వస్తాయి. కానీ ఇక్కడ గ్లాస్ పగిలింది, అది వేరే సంగతి.

మనం గ్లాస్ అంటున్నది ఇప్పటి కార్లలో గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని వెనక రిఫ్లెక్టర్ మీద అద్దంలా మెరిసేది చాలా పలచని అల్యూమినియం పూత. పగులు లోంచి దుమ్ము, తేమ చేరితే ఆ పూత మసకబారి పొరలుగా లేస్తుంది. లోపల దుమ్ము పడిందని గుడ్డ పెట్టి తుడిచారో, పూత గుడ్డకే అంటుకొచ్చేస్తుంది. అలాంటి రిఫ్లెక్టర్‌కు ఎంత మంచి బల్బు పెట్టినా లైటు రోడ్డు మీదికి రాదు.

గ్లాస్ మార్చడమంటే లైటును వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక పాత గ్లాస్ ఊడదీసి, కొత్తది పెట్టి మళ్లీ సీల్ చేయడం. చేయి తిరిగిన మనిషి చేస్తే బాగానే ఉంటుంది. సీల్‌లో ఎక్కడ చిన్న సందు మిగిలినా మొదటి పెద్ద వానకే లోపల ఆవిరి పడుతుంది. నవంబరులో మనకు వానలు ఎలా పడతాయో చెప్పక్కర్లేదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది రాత్రి ప్రయాణం. తిరుమల నుంచి దిగే రోడ్డు 1944 నాటి మొదటి ఘాట్, మలుపు మీద మలుపు. భాకరాపేట ఘాట్‌లో అయితే ఎదురుగా లారీలు కూడా వస్తుంటాయి. పగుళ్లున్న గ్లాస్ వెలుగును నలుదిక్కులా చెదరగొడుతుంది. మీకు దారి సరిగా కనపడదు, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. పైగా మీది కుడివైపు లైటు, ఎదురొచ్చే బండి పక్కనుండేది అదే. బల్బు వెలుగుతోంది కదా అని ఊరుకోవడం నాకు అస్సలు నచ్చదు.

చిత్తూరు పాలసీ

ఇన్సూరెన్స్ లెక్క నేను చెప్తాను, నా పని అదే. జీరో డెప్ లేని పాలసీలో ప్లాస్టిక్ పార్టుల మీద 50 శాతం తరుగు కోస్తారు. కారు కొత్తదైనా అంతే. గాజుకు తరుగు ఉండదు, కానీ హెడ్‌లైట్‌ని ప్లాస్టిక్ కిందే చూస్తారు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనం భరించాల్సింది ఇంకో రూ. 1,000.

మీ 7,500లో పార్టు 6,000, లేబర్ 1,500 అనుకుందాం. పార్టుకు 3,000, లేబర్‌కు 1,500, అందులోంచి వెయ్యి తీసేస్తే చేతికొచ్చేది 3,500. ఇప్పుడు పోయేది చూడండి. మీకు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉండి, అది తీయకముందు సొంత డ్యామేజీ ప్రీమియం (మన కారుకు జరిగే నష్టానికి కట్టేది) 6,000 అనుకుంటే, క్లెయిమ్ చేయగానే వచ్చే రెన్యువల్‌లో 3,000 పోతుంది. కథ అక్కడితో ఆగదు. బోనస్ మళ్లీ 20, 25, 35, 45 అంటూ మెట్టు మెట్టుగా ఎక్కాలి. ప్రీమియం అంతే ఉందనుకుంటే రెండో ఏడాది ఇంకో 1,800. అంటే రెండేళ్లకే 4,800 నష్టం. మీ పాలసీలో క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే బోనస్ ప్రొటెక్షన్ లేకపోతే ఈ చిన్న బిల్లుకు క్లెయిమ్ వద్దు.

ఎల్ఈడీ ప్రొజెక్టర్ లైటున్న పెద్ద కారై, బిల్లు నలభై వేలు దాటి, జీరో డెప్ కూడా ఉంటే కళ్లు మూసుకుని క్లెయిమ్ చేయమంటాను.

పాకాల ట్యాక్సీ

చంద్రగిరి సార్ చెప్పింది కాదనను. కానీ అందరూ 7,500 పెట్టలేరు కదా. ఘాట్ పేరు చెప్పి భయపెడితే మాలాంటివాళ్లు బండి ఇంట్లో పెట్టుకోవాలా?

చంద్రగిరి వాసి

అన్నా, 7,500 పెట్టమని నేనూ అనడం లేదు. కార్ల కంపెనీలు హెడ్‌లైట్లు తామే తయారు చేసుకోవు. లూమాక్స్, యూనో మిండా లాంటివాళ్లు తయారు చేసి ఇస్తారు. వాళ్ల పేరుతోనే బయట స్పేర్ పార్ట్స్ షాపుల్లో కూడా అసెంబ్లీలు దొరుకుతాయి. రేణిగుంట కారు గారు ముందు ఆ రేటు కనుక్కోండి, బిగింపు ఆటోనగర్‌లోనే చేయించుకోండి. పుదుపేట సరుకైనా పర్వాలేదు, రిఫ్లెక్టర్ మెరుపు తగ్గకుండా ఉండి, లోపల నీటి మరకలు లేకపోతే తీసుకోవచ్చు. పేరూ ఊరూ లేని డబ్బాలో వచ్చేది మాత్రం వద్దు. "ఎలాగూ విప్పాం కదా, ఎల్ఈడీ బల్బు వేసేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అది ఎదుటివాడి కళ్లలోకి కొడుతుంది.

ఏది వేయించినా డబ్బు ఇచ్చే ముందు చీకటి పడేదాకా ఆగండి. సమతలంగా ఉన్న చోట గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో కారు పెట్టి డిమ్ లైట్ వేయండి. గోడ మీద వెలుగు పైఅంచు రెండు లైట్లకూ ఒకే ఎత్తులో ఉండాలి, ఎడమవైపు మాత్రం కాస్త పైకి లేవాలి. కొత్త లైటు అంచు పాతదానికంటే పైకి కొడుతుంటే, లైటు వెనక ఉండే అడ్జస్టింగ్ స్క్రూ తిప్పి అక్కడే సరిచేయించుకోండి. అందుకు ఐదు నిమిషాలు చాలు, మంచి మెకానిక్ ఎవరూ విసుక్కోడు.