బిస్కెట్ ప్యాకెట్ మీది కార్బోహైడ్రేట్, చక్కెర: రెండూ కలిపి రాయాలా?

గోదావరిగట్టు (సోమవారం, రాత్రి 9:40)

మా నాన్నగారికి 63 ఏళ్లు. మూడు నెలల క్రితం షుగర్ ఉందని తేలింది. తిన్నదల్లా రాసుకుని రమ్మని డాక్టర్ చెప్పారు. నాన్న రాజమండ్రిలో ఉంటారు, నేను పుణెలో. ఆయన ప్యాకెట్ వెనక భాగం ఫోటో తీసి పంపుతారు, నేను యాప్‌లో ఎక్కిస్తాను. నిన్న ఆయన టీలో ముంచుకునే బిస్కెట్ల దగ్గర ఆగిపోయాను. వంద గ్రాములకు కార్బోహైడ్రేట్ 76, మొత్తం చక్కెరలు 22, అదనంగా కలిపిన చక్కెరలు 20 అని ఉంది. మూడూ కూడితే 118 వచ్చింది. వంద గ్రాముల బిస్కెట్లలో 118 గ్రాములు ఎలా పడతాయి? ఇన్నాళ్లుగా ప్రతి ప్యాకెట్‌కూ ఇలాగే కూడుతూ వచ్చానని ఇప్పుడు భయంగా ఉంది.

వంటింటి_లెక్క (సోమవారం, రాత్రి 10:05)

కూడకండి. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె, అందులో ఇంకా చిన్న గిన్నె అనుకోండి. 76లోనే ఆ 22 ఉంది, ఆ 22లోనే 20 ఉంది. మిగిలిన 2 గ్రాములు పాలపొడి నుంచో మరొక దాని నుంచో సహజంగా వచ్చినవి. 76లోంచి 22 తీసేస్తే మిగిలే 54లో చాలా వరకు మైదాలోని పిండి. యాప్‌లో కార్బోహైడ్రేట్ గడిలో 76, చక్కెర గడిలో 22 రాయండి. యాప్ వాటిని తనంతట తాను కలపదు.

నాలుగు బిస్కెట్లు 24 గ్రాములు తూగితే సుమారు 18 గ్రాముల కార్బోహైడ్రేట్, అందులో 5 గ్రాముల చక్కెర. టీ చెంచాడు పంచదార 4 గ్రాములు ఉంటుంది కాబట్టి చెంచాకు కాస్త ఎక్కువ.

ఈ గందరగోళంలో సగం మాటల వల్లే. మా అత్తగారిది కరీంనగర్, ఆవిడకు చక్కెర అంటే టీలో వేసుకునేది. నాది తణుకు, నాకు అది పంచదార. లేబుల్ మీది ‘చక్కెరలు’ ఒక కుటుంబం పేరు. పంచదార, గ్లూకోజు, పండ్లలోని ఫ్రక్టోజు, పాలలోని లాక్టోజు అన్నీ అందులోకే వస్తాయి. నేనైతే గిన్నెలోదాన్ని పంచదార అనీ, లేబుల్ మీద ఉన్నదాన్ని చక్కెరలు అనీ విడదీసి పిలుస్తాను.

పెరుగన్నం (సోమవారం, రాత్రి 10:22)

ఈ విషయం తెలియక ఒక దుకాణంలో పరువు పోగొట్టుకున్నాను. తియ్యదనం లేని పెరుగు డబ్బా మీద ‘మొత్తం చక్కెరలు 4.6’ అని చూసి, పెరుగులో పంచదార కలిపి అమ్ముతున్నారని గొడవ పెట్టుకున్నాను. ఆ కుర్రవాడు ఓపికగా కింది వరుస చూపించాడు: అదనంగా కలిపినవి 0. పాలలో వంద మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాముల లాక్టోజు పుట్టుకతోనే ఉంటుందట. పెరుగు డబ్బా తెచ్చుకున్నాను కానీ, ఇప్పటికీ అతను బిల్లు వేసే వరుసలో నిలబడను.

గోదావరిగట్టు (మంగళవారం, ఉదయం 7:15)

బోధపడింది, చాలా థ్యాంక్స్ అండీ. ఇంకొక సందేహం. అయితే చక్కెర గీత ఒక్కటి చూస్తే సరిపోతుందా? నాన్నకు ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లు తెప్పించాను. చక్కెర 0 అని ఉంది. ఆయన సంతోషానికి హద్దు లేదు.

సాయంత్రం_నడక (మంగళవారం, ఉదయం 8:30)

ఆ సంతోషాన్ని కాస్త అదుపులో పెట్టండి. నేను ఆ దారి నడిచి వచ్చినవాడినే. పన్నెండేళ్లుగా నాకు షుగర్ ఉంది.

మామూలు బిస్కెట్లయితే భయపడి నాలుగు తినేవాణ్ని. సున్నా చక్కెర రకం రాగానే ‘మనవే కదా’ అని ఎనిమిది తిన్నాను. రెండు గంటల తర్వాత మీటర్ పెట్టి చూస్తే మామూలువి తిన్న రోజు 148, ఇవి తిన్న రోజు 191. అప్పుడు ప్యాకెట్ తిప్పి చూశాను. వంద గ్రాములకు చక్కెర 0, కార్బోహైడ్రేట్ 70. నేను తిన్నది 56 గ్రాములు, అంటే 39 గ్రాముల కార్బోహైడ్రేట్. వండిన అన్నం 140 గ్రాములు తిన్నంత! పొట్టలోకి వెళ్లాక మైదా కూడా గ్లూకోజే అవుతుంది. ఆ సంగతి ప్యాకెట్ ముందు వైపు రాయరు.

పైగా ఆ రాత్రి కడుపు ఉబ్బరం, పరుగులు. పదార్థాల జాబితాలో పంచదార బదులు వేసే మాల్టిటాల్ ఉంది. అలాంటి తీపి పదార్థాలు ఎక్కువైతే విరేచనాలు అవుతాయని ప్యాకెట్ మీదే చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. చూడనిది నేనే.

నాణ్యత_విభాగం (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

నేను ఒక బేకరీ ఉత్పత్తుల కంపెనీలో పదేళ్లు లేబుళ్లు సరిచూసే పని చేశాను. లోపలి సంగతి కొంత చెబుతాను.

‘షుగర్ ఫ్రీ’ అని రాయాలంటే మన ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత, ప్రమాణాలు చూసే సంస్థ) నిబంధన ప్రకారం వంద గ్రాములకు చక్కెరలు 0.5 గ్రాములు మించకూడదు. అంతే. కార్బోహైడ్రేట్ ఎంత ఉండాలో ఆ మాట చెప్పదు. ‘అదనపు చక్కెర లేదు’ అనేది ఇంకొక మాట. ఖర్జూరం లడ్డూ మీద ఆ మాట కనబడవచ్చు. కానీ ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరలే. కాబట్టి అక్కడ చూడవలసింది ‘మొత్తం చక్కెరలు’ గీత.

2020 లేబులింగ్ నిబంధనల్లో మొత్తం చక్కెరలు, అదనపు చక్కెరలు విడివిడిగా చూపాలన్నారు. పక్కన సర్వింగ్‌కు (ఒకసారి తినే మోతాదు అని కంపెనీ రాసినదానికి) ‘ఆర్‌డీఏ శాతం’, అంటే రోజుకు సిఫారసు చేసిన మోతాదులో అది ఎంత శాతమో ఉంటుంది. అది రోజుకు 2000 కిలో కేలరీలు, 50 గ్రాముల అదనపు చక్కెర అనే కొలతకు లెక్కగట్టినది. మీ నాన్నగారి లాంటి వారికి అంత పరిమితి ఉందని అర్థం కాదు. ఆయన పరిమితి డాక్టర్ చెప్పాలి. ఇక సర్వింగ్ ఎంత అనేది చూడకుండా శాతం చదివితే మోసపోతాం. మా దగ్గర ఒక ప్యాకెట్‌కు సర్వింగ్ రెండు బిస్కెట్లు. రెండే బిస్కెట్లు తిని ప్యాకెట్ మూసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు!

అసలు కిటుకు పదార్థాల జాబితాలో ఉంటుంది. బరువులో ఎక్కువది ముందు, తక్కువది వెనక అనే క్రమంలో రాయాలి. షుగర్ ఉన్నవారి కోసమని అమ్మే ఒక పొడి డబ్బా చూడండి: చక్కెరలు 3, కార్బోహైడ్రేట్ 65. జాబితాలో రెండో పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అది పిండిని విరగ్గొట్టి చేసే పొడి, రుచికి చప్పన. చక్కెరల గీతలోకి దాదాపు రాదు, కానీ రక్తంలో గ్లూకోజును మాత్రం వేగంగా పెంచుతుంది. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజు, డెక్స్‌ట్రోజు అనే పేర్లు కనబడితే అవి పంచదార చుట్టాలే. ఒక్కొక్కటి కొంచెం కొంచెం వేస్తే జాబితాలో ప్రతి పేరూ వెనక్కి జరుగుతుంది.

బెల్లం_అచ్చు (మంగళవారం, సాయంత్రం 6:02)

ఇంత తంటా ఎందుకండీ? మా ఇంట్లో పంచదార మానేసి బెల్లం వాడుతున్నాం. సహజమైనది, షుగర్‌కు మంచిది.

వంటింటి_లెక్క (మంగళవారం, సాయంత్రం 6:30)

బెల్లం నాకూ ఇష్టమే. కానీ లెక్క లెక్కే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టికలు వేసింది. అందులో బెల్లానికి వంద గ్రాములకు సుమారు 85 గ్రాముల కార్బోహైడ్రేట్. దాదాపు అంతా చక్కెరే. రంగు మారినంత మాత్రాన మీటర్ మోసపోదు.

బెల్లం_అచ్చు (మంగళవారం, సాయంత్రం 6:41)

అందులో ఇనుము ఉంటుంది కదా?

సాయంత్రం_నడక (మంగళవారం, సాయంత్రం 6:50)

ఇనుము కోసం నేను తోటకూర తింటాను. బెల్లం పండగకు దాచుకుంటాను. మీకు షుగర్ లేకపోతే మీ ఇష్టం, ఉంటే మాత్రం ఒకసారి తిని రెండు గంటలకు పరీక్షించి ఇక్కడ రాయండి.

పాప_పెన్ను (మంగళవారం, రాత్రి 9:15)

మా పాపకు పదకొండేళ్లు, టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాక బయటి నుంచి ఇవ్వవలసిన రకం. మా ఇంట్లో ఈ లెక్క తప్పితే నష్టం వెంటనే కనబడుతుంది. డాక్టర్ మా పాపకు 12 గ్రాముల కార్బోహైడ్రేట్‌కు ఒక యూనిట్ ఇన్సులిన్ అన్నారు (ఇది పాప ఒక్కదానికే, ఎవరి లెక్క వారిది). పైన చెప్పిన నాలుగు బిస్కెట్లకు 18 గ్రాములు, అంటే ఒకటిన్నర యూనిట్. మొదట్లో నేనూ చక్కెర కలిపి 23 అని వేసుకున్నాను. రెండుకు దగ్గరగా వచ్చింది, రెండే ఇచ్చాను. గంటన్నర తర్వాత హోంవర్క్ చేస్తూ చేస్తూ పాప చేతులు వణకడం మొదలుపెట్టాయి.

ఆ రోజు నుంచి ఇన్సులిన్ లెక్కకు కార్బోహైడ్రేట్ గీత ఒక్కటే చూస్తున్నాను, చక్కెర గీత జోలికి పోను. ఒక్క చోట తప్ప. షుగర్ పడిపోయినప్పుడు ఇవ్వడానికి దాచుకున్న గ్లూకోజు పొడి డబ్బా మీద మాత్రం అదే చూస్తాను, అప్పుడు వేగంగా ఎక్కేది కావాలి కాబట్టి. 15 గ్రాములు తూచి చిన్న పొట్లాలు కట్టి బడి సంచీలో పెడతాను. తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష. చాక్లెట్ ఇస్తే అందులోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. ‘డైట్’ కూల్‌డ్రింక్ అసలు పనికిరాదు, ఒకసారి మా చుట్టాలావిడ ప్రేమగా అదే ఇవ్వబోయారు.

డల్లాస్_పప్పుచారు (బుధవారం, ఉదయం 6:20)

పీచు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికా లేబుల్‌లో కార్బోహైడ్రేట్‌లోనే పీచు కలిసి ఉంటుంది. మా ఓట్స్ డబ్బా మీద 40 గ్రాములకు 27, అందులో పీచు 4. జీర్ణమయ్యేది కావాలంటే 27 లోంచి 4 తీసేసి 23 అనుకుంటాం.

లీసెస్టర్_వాన (బుధవారం, మధ్యాహ్నం 2:45)

ఇక్కడ బ్రిటన్‌లో అలా తీయకూడదు. మా ఓట్స్ మీద వంద గ్రాములకు కార్బోహైడ్రేట్ 60, పీచు 9. ఆ 60లో పీచు లేదు, ముందే తీసేసి అచ్చు వేస్తారు. మీ 23ని వంద గ్రాములకు మార్చి చూడండి, 57 చిల్లర వస్తుంది. రెండు దేశాల ఓట్స్ దాదాపు ఒకటే, లేబుల్ పద్ధతి వేరు. నేను రెండేళ్లు అమెరికా యూట్యూబ్ వీడియోలు చూసి ఇక్కడి డబ్బాల్లోంచి పీచు తీసేస్తూ వచ్చాను. అంటే ఒకే పీచును రెండుసార్లు తీసేశాను.

గోదావరిగట్టు (బుధవారం, మధ్యాహ్నం 3:10)

మన ప్యాకెట్లలో ఎలా తెలుసుకోవాలి?

నాణ్యత_విభాగం (బుధవారం, సాయంత్రం 5:00)

వంద గ్రాముల గడిలో కార్బోహైడ్రేట్, పీచు, ప్రొటీన్, కొవ్వు కూడండి. వంద దాటితే పీచు కార్బోహైడ్రేట్‌లోనే ఉందన్నమాట. ఉదాహరణకు ఒక గోధుమపిండి ప్యాకెట్: 76, 12, 11, 2. మొత్తం 101. గోధుమపిండిలో తేమే పది శాతం దాకా ఉంటుంది కాబట్టి 101 అసాధ్యం. దాటకపోతే మాత్రం ఏదీ తేలదు. అప్పుడు పీచు తీయకుండా పూర్తి అంకె రాసుకోండి.

తార్నాక వారి పట్టికల్లో పీచు ముందే విడిగా తీసేసి ఉంటుంది. బియ్యం 78, రాగులు 67 దగ్గర ఉంటాయి. రాగులలో పీచు 11 గ్రాములు. రాగి సంకటి అంటే కార్బోహైడ్రేట్ లేనిదన్న భ్రమలో ఉన్నవారికి ఆ 67 చూపించండి.

వంటింటి_లెక్క (బుధవారం, రాత్రి 8:25)

ప్యాకెట్లు సరే, ఇడ్లీకి లేబుల్ ఎవరు అంటిస్తారు? యాప్‌లో ఇడ్లీ అని కొడితే ఒకచోట 8 గ్రాములు, ఇంకొకచోట 16. ఎవరికి తోచింది వారు ఎక్కించారు. విసుగొచ్చి ఒక ఆదివారం మా పిండినే తూచాను. ఇడ్లీ రవ్వ 400 గ్రాములు, మినప్పప్పు 200. రవ్వలో సుమారు 312, పప్పులో 105 గ్రాముల కార్బోహైడ్రేట్. పిండి అయ్యాక 38 ఇడ్లీలు వచ్చాయి. ఇడ్లీకి 11 గ్రాములు. మూడు తింటే 33. పులిసినప్పుడు కొద్దిగా తగ్గుతుందేమో, నేను పట్టించుకోను. ఆ అంకెను ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టాను. రేకు మారితే మళ్లీ లెక్కించాలి. మా అమ్మ ఇడ్లీ రేకు లోతు ఎక్కువ, అక్కడ ఈ లెక్క చెల్లదు.

గోదావరిగట్టు (గురువారం, రాత్రి 9:30)

మీ ఇడ్లీ చదివాక నాన్న అన్నం వైపు చూశాను. అసలు తప్పు అక్కడ ఉంది. ఆయన పాపం వంటింటి త్రాసు కొని, మధ్యాహ్నం కంచంలో అన్నం తూచి 150 గ్రాములు అని పంపుతున్నారు. నేను యాప్‌లో ‘రైస్’ అని కొట్టి మొదట వచ్చింది ఎంచుకున్నాను. అది బియ్యం! అలా 117 గ్రాములు పడింది. ఇవాళ అమ్మను పావు కిలో బియ్యం వండి అన్నం తూచమన్నాను. 700 గ్రాములు వచ్చింది. బియ్యంలో 195 గ్రాములు ఉంటే, వంద గ్రాముల అన్నానికి 28. అంటే నాన్న తిన్నది 42.

మూడు నెలలుగా ఆయనను ‘అన్నం తగ్గించండి నాన్నా’ అని ఫోన్‌లో విసిగిస్తున్నాను. పాత లెక్కలన్నీ సరిచేసి డాక్టర్‌కు పంపాను. షుగర్ ఫ్రీ బిస్కెట్లు పక్కింటివారికి వెళ్లాయి, మామూలువే రెండు, టీతో.

నాన్న ఇంకొకటి అడగమన్నారు. బంగినపల్లి వచ్చేసింది. దానికి లేబుల్ ఎక్కడ?

వంటింటి_లెక్క (గురువారం, రాత్రి 9:52)

తొక్క, టెంక తీసేసి ముక్కలు తూచమనండి. మామిడిపండు గుజ్జుకు వంద గ్రాములకు సుమారు 15 అనుకోవచ్చు, రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. అన్నం మీద కాకుండా అన్నం బదులు తినమనండి.

గోదావరిగట్టు (గురువారం, రాత్రి 10:04)

చెప్పాను. టెంక చీకితే లెక్కలోకి వస్తుందా అని అడుగుతున్నారు.