ఎండ కాసే మధ్యాహ్నం ఏరేటర్లు తిప్పాలా, ఆపాలా?

కైకలూరు రైతు:
ఆరడుగుల లోతు చెరువు, బొచ్చె, శీలావతి చేపలు వేశాను. నిన్న మధ్యాహ్నం 2 గంటలకు మీటరు పెడితే ఆక్సిజన్ పైన లీటరుకు 13 మిల్లీగ్రాములు, అడుగున 2. గుమస్తా ఏరేటర్లు (నీటిని చిమ్మి గాలి కలిపే యంత్రాలు) తిప్పుదామంటాడు. పక్క చెరువు ఆయన కరెంటు దండగ అంటారు. ఎవరి మాట వినాలి?

ఆకివీడు చెరువులు:
ఆపండి. 30 డిగ్రీల వేడిలో నీరు గాలి నుంచి తీసుకుని నిలుపుకోగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. మీ పైనీటిలో 13 ఉందంటే అది ఎండలో ఆక్సిజన్ వదిలే ప్లాంక్టన్ (నీటిలోని కంటికి ఆనని నాచు) చలవ. ఆ నీటిని గాలిలోకి చిమ్మితే కొత్తగా చేరేది ఏమీ లేదు, ఉన్నదే పోతుంది. రాత్రికి అక్కరకు రావలసినదాన్ని పగలే పారబోసుకుంటారా? తెల్లవారుజామున తిప్పండి, చేపకు గండం అప్పుడే.

భీమవరం రైతు:
అన్నగారి లెక్క సరైనదే. కానీ అది పైనీటి లెక్క. అడుగున 2 ఉందని కైకలూరు ఆయన రాస్తుంటే దాన్ని వదిలేస్తే ఎలా? వెలుగు అందని చోట ఆక్సిజన్ పుట్టదు. మిగిలిన తవుడు, రెట్టలు కుళ్లుతూ ఉన్న కాస్తా లాగేస్తాయి. అలా ఆక్సిజన్ అయిపోయిన బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు తయారవుతుంది.

రెండేళ్ల కిందట ఆగస్టులో నేనూ పగలు ఆపేవాణ్ణి. ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. పైనీరు చల్లబడి కిందికి దిగింది, అడుగునీరు పైకి లేచింది. రాత్రి టార్చి వేస్తే నీటి మీద ఎటు చూసినా బొచ్చె మూతులే. గట్టు మీద కుళ్లిన గుడ్ల వాసన. ఉదయం మేతకు కట్టిన తవుడు సంచులు చేపలు ముట్టక కట్టినవి కట్టినట్టే బరువుగా వేలాడుతున్నాయి. అవి చూసి మేం పగలే మేలుకోవలసింది.

పైన మిగులు ఉన్నప్పుడే గంట, గంటన్నర తిప్పి కిందికి పంపండి. మబ్బు పట్టిన రోజు మాత్రం వద్దు, అప్పుడు పంపడానికి పైనా ఉండదు. చాలా రోజులు కదపని చెరువైతే ఒక్కసారిగా అన్నీ వేయకండి, ఒకటితో మొదలుపెట్టండి.

ఆకివీడు చెరువులు:
నా చెరువులు నాలుగడుగులే, గాలికే కలుస్తాయి. వాటిలో పగలు తిప్పితే బురద లేవడం తప్ప ఒరిగేది లేదు. లోతు అడగకుండా అందరికీ ఒకే మందు రాయకండి.

కైకలూరు రైతు:
ఈరోజు ఒక్క ఏరేటరు గంటసేపు తిప్పాను. సాయంత్రం 5కి పైన 10, అడుగున 4. తెల్లవారుజామున 4 గంటలకు గట్టు మీదే ఉంటాను, అప్పటి అంకెలూ పెడతాను.