ఉరనూపోలి: కాందిశీకులు కట్టుకున్న ఊరి గురించి తెలిసినవారు చెప్పండి

నరసాపురం లేసు:
మా అబ్బాయి ఓడలో పనిచేస్తాడు. పోయిన వారం గ్రీసులోని థెస్సలోనికి రేవులో ఒక రోజు సెలవు దొరికితే, బస్సెక్కి ఉరనూపోలి అనే ఊరు చూసి వచ్చాడు. నీళ్ళ అంచున పాత రాతి బురుజు, దాని పక్కన పడవలు. ఫోటోలు పంపి, "అమ్మా, ఇది వందేళ్ళ కిందట కట్టుబట్టలతో వచ్చినవాళ్ళ ఊరట. ఆడవాళ్ళు తివాచీలు నేసేవారట. నువ్వు గుర్తొచ్చావు" అన్నాడు.

అప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. మా అమ్మమ్మ రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో పుట్టింది. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు అరకాన్ కొండలు కాలినడకన దాటి, తాతయ్యతో నరసాపురం చేరింది. ఇక్కడికొచ్చాకే లేసు అల్లడం నేర్చుకుంది. దారం ఒరుసుకుని ఆమె చూపుడు వేలి మీద గాడి పడింది. చిన్నప్పుడు దాన్ని గోటితో తడిమేదాన్ని. అల్లేటప్పుడు తిత్, నిత్, తోన్ అని బర్మా భాషలోనే లెక్కపెట్టేది.

ఆ గ్రీకువారు ఎందుకు రావలసి వచ్చింది? నేల ఎవరిచ్చారు? తివాచీల పని ఎలా మొదలైంది?

అమలాపురం మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఇది పాఠ్యపుస్తకంలో లేదని నాకు ఎప్పుడూ బాధే.

1922లో టర్కీలో గ్రీకు సైన్యం ఓడిపోయింది. సెప్టెంబరులో స్మిర్నా నగరం తగలబడింది. అక్కడి క్రైస్తవ జనం దొరికిన పడవెక్కి పారిపోయారు. 1923 జనవరి 30న స్విట్జర్లాండులోని లొసాన్‌లో రెండు దేశాలు జనాన్ని మార్చుకునే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీసుకు, మూడున్నర లక్షలకు పైగా ముస్లింలు టర్కీకి. ఎవరి ఇష్టమూ ఎవరూ అడగలేదు. ఎవరు ఎటు వెళ్ళాలో మతాన్ని బట్టే తేల్చారు, భాషను బట్టి కాదు. అందుకే టర్కీ భాష తప్ప మరొకటి రానివారు కూడా గ్రీసులో దిగారు. వాళ్ళు టర్కీ మాటలనే గ్రీకు లిపిలో రాసుకునేవారు. మీ అమ్మమ్మగారి లెక్క చదవగానే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఉరనూపోలికి మర్మర సముద్రపు దీవుల నుంచి కొందరు, టర్కీ లోపలి సీజరియా నుంచి కొందరు వచ్చారు. ఆ నేల పక్కనే ఉన్న ఆథోస్ పర్వతం మీది వాతోపెది అనే క్రైస్తవ సన్యాసుల మఠానిది. ప్రభుత్వం తీసుకుని పంచింది. మన డెల్టా మట్టిలాంటిది కాదు, రాతి నేల.

1920ల చివరలో జాయిస్ లాక్ అనే ఆస్ట్రేలియా మహిళ, భర్త సిడ్నీ ఆ బురుజులో కాపురం పెట్టారు. రోగులకు మందులిచ్చారు. కాందిశీక స్త్రీలకు తివాచీ నేత వచ్చని గమనించి మగ్గాలు పెట్టించారు. ఆథోస్ మఠాల్లోకి స్త్రీలను రానివ్వరు కనుక, అక్కడి పాత నమూనాలను సిడ్నీ చూసి గీసుకొచ్చేవాడు. రంగులు చుట్టుపక్కల మొక్కల నుంచే తీశారు. ఆమె 1982లో అక్కడే కన్నుమూసింది.

సఖినేటిపల్లి రేవు:
మాస్టారూ, ఒక్క మాట. ఆ స్త్రీలు తమ పనిని వెంట తెచ్చుకున్నారు. మనకు లేసు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. రెండూ ఒకటే అనుకోవద్దు. పంటు మీద గోదావరి దాటి నరసాపురానికి లేసు మోసిన ఇంట్లో పుట్టాను. అమ్మ రాత్రంతా లాంతరు దగ్గర అల్లితే, తెల్లారి దళారి చేతిలో పెట్టిన డబ్బులు దారం ఖరీదుకే సరిపోయేవి. అక్కడ మగ్గం ముందు కూర్చున్న ఆవిడకు చివరికి ఎంత దక్కిందో నాకు అది ముఖ్యం.

నరసాపురం లేసు:
మాస్టారూ, నమస్కారం. టర్కీ భాష సంగతి చదివాక చాలాసేపు ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. ఆ తివాచీల ముడులు ఏ భాషలో లెక్కపెట్టారో అనిపించింది.

సఖినేటిపల్లి అన్నయ్యా, మీ మాట నిజం. మా ఇంట్లోనూ అంతే జరిగింది.

అబ్బాయి తివాచీ ఫోటో ఒకటి పంపాడు, ముందువైపుది. ముడి వేసిన చెయ్యి ఎలాంటిదో వెనుకవైపు చూస్తేగాని తెలియదు. ఓడ మళ్ళీ అటు వెళితే, అడిగి వెనుకవైపు కూడా తీయమని చెప్పాను.