తెలుగు మీడియం బీకాం విద్యార్థులకు బ్యాంకు పరీక్షల ప్రిపరేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బీకాం రెండో ఏడాది బ్యాచ్‌కి ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగ నియామక సంస్థ) క్లర్క్, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్, అంటే తొలి దశ పరీక్ష, కోసం వారానికి ఐదు గంటలు ఇవ్వగలం. ఏది ముందు పట్టుకోవాలి సార్?

జవాబు 1: లెక్కల్లో వేగం. ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, గంట సమయం, ఒక్కో విభాగానికి 20 నిమిషాలే. 35 లెక్కలంటే ఒక్కోదానికి దాదాపు 34 సెకన్లు. 30 వరకు వర్గాలు, 20 వరకు ఘనాలు, 1/20 దాకా భిన్నాల శాతాలు నోటికి రావాలి. ఇవి రాకుండా డేటా ఇంటర్‌ప్రెటేషన్ (పట్టికలు, గ్రాఫులు చూసి చేసే లెక్కలు) మొదలుపెట్టించడమే చాలాచోట్ల జరిగే పొరపాటు. పిల్లలు పద్ధతి తెలిసి కూడా గుణకారం దగ్గర ఆగిపోతారు.

తప్పు జవాబుకి పావు మార్కు కోత. ఐదు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున మిగిలేది సున్నా. కనీసం రెండు తప్పు ఆప్షన్లను కొట్టేయగలిగితేనే పెట్టమనండి.

జవాబు 2: ఇంగ్లిష్‌ని చివరికి నెట్టకండి, దయచేసి. క్లర్క్ పరీక్షలో లెక్కలు, రీజనింగ్ తెలుగులో రాయొచ్చు గానీ ఇంగ్లిష్ విభాగం తప్పదు. పీవోకి తెలుగు లేనే లేదు. ప్రతి విభాగానికీ విడిగా కటాఫ్ ఉంటుంది కాబట్టి లెక్కల్లో ఎన్ని వచ్చినా ఇంగ్లిష్‌లో ఆగితే అక్కడితో సరి. రోజుకో ప్యాసేజీ, ఏడు నిమిషాల గడియారం పెట్టి చేయించండి.

జవాబు 3: అందరూ బ్యాంకుకే వెళ్లరు కదా. ఎన్‌ఐఎస్‌ఎం (జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల శిక్షణ సంస్థ) సిరీస్ 5-ఏ, అంటే మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుల పరీక్ష, చదువుతుండగానే రాయించండి. 100 ప్రశ్నలు, రెండు గంటలు, 50 శాతం వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు, అందుకే మూడో ఏడాదిలో రాయడం మేలు.