నాబ్ హిల్ మేసన్ల హాలు పగలు చూడనిస్తారా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో నాబ్ హిల్ అనే గుట్ట మీద, గ్రేస్ కెథెడ్రల్ చర్చికి ఎదురుగా తెల్లటి పెద్ద డబ్బాలా ఒక బిల్డింగ్ ఉంటుంది కదా, 1958లో ఆల్బర్ట్ రోలర్ డిజైన్‌తో ఫ్రీమేసన్లు (మేసన్లు అనే పాత సోదర సంఘం వాళ్లు) కట్టుకున్నది, దాని గురించే అడుగుతున్నాను. పోయిన నెల అక్కడ ఒక కచేరీకి వెళ్తే లాబీలో ఎమిల్ నార్మన్ చేసిన పెద్ద కిటికీ బొమ్మ కనిపించింది. మామూలు రంగు గాజు కాదండీ, ప్లాస్టిక్ పలకల మధ్య గవ్వలు, గుడ్డముక్కలు, లోహపు ముక్కలు, ఆఖరికి కాలిఫోర్నియాలోని 58 కౌంటీల మట్టి కూడా పెట్టి చేశారట! కానీ రాత్రి కదా, బయటి వెలుతురు లేక సగం అందం పోయింది.

వచ్చే వారం అమ్మ వస్తోంది. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి భవనం దగ్గరే పెరిగింది, అదీ మేసన్లదే కాబట్టి ఇది చూపించాలని నా ఆశ. టికెట్ లేకుండా పగటిపూట లాబీ వరకైనా రానిస్తారా? ముందే ఫోన్ చేయాలా? ఎండ లోపలికి బాగా పడేది పొద్దున్నా, సాయంత్రమా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ ఏటవాలు రోడ్డు తల్చుకుంటేనే టెన్షన్. కాలిఫోర్నియా స్ట్రీట్ కేబుల్ కార్ (రోడ్డు మీద పట్టాలపై నడిచే ట్రామ్) ఎక్కిస్తే సరిపోతుందా, కారే నయమా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.