బాపు ఫోన్‌లో బ్యాంకు యాప్ ఆగిపోయింది. పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లను అప్‌డేట్ చేయమని బలవంతపెట్టొచ్చా?

పాకాల (శనివారం, ఉదయం 8:15)
మా బాపు నర్సంపేట దగ్గర పల్లెలో ఉంటాడు. ఆరేళ్ల కింద కొన్న ఫోన్, ఆండ్రాయిడ్ 9. మొన్న పత్తి డబ్బులు పడ్డాయో లేదో చూద్దామని బ్యాంకు యాప్ తెరిస్తే "మీ ఫోన్ వెర్షన్‌లో ఈ యాప్ ఇక పనిచేయదు, అప్‌డేట్ చేసుకోండి" అని వచ్చి అక్కడే ఆగిపోయింది. నాకు ఫోన్ చేసి అరగంట తిట్టాడు, నా డబ్బులు నేను చూసుకుంటే వాళ్లకేం నొప్పి అని. నేను మాత్రం యాప్ వాళ్లు చేసింది కరెక్టే అనుకుంటున్నా, ఇలా మెడమీద కూర్చోకపోతే ఆయన జన్మలో అప్‌డేట్ చేయడు. రేపు ఊరికి పోతున్నా. మీరేమంటారు?

ఉదయగిరి (9:02)
నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను ఇదే పనిలో ఉన్నాను, యాప్‌లలో లొసుగులు వెతకడం నా ఉద్యోగం. 2017లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ గుర్తుందా? అది దూరిన విండోస్ లొసుగును మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు. "తర్వాత చేద్దాంలే" అనుకున్నవాళ్ల కంప్యూటర్లే తాళం పడి కూర్చున్నాయి. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన దగ్గర చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకే తగిలింది. ఫోన్ల సంగతికొస్తే, 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లొసుగు బయటపడింది, ఒక వీడియో మెసేజ్ వస్తే చాలు, మనం తెరవకపోయినా ఫోన్ దొంగ చేతిలోకి పోయే పరిస్థితి. గూగుల్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది ఆ దెబ్బతోనే. నా ఫోన్ నా ఇష్టం అనడానికి వీల్లేదు, ఎందుకంటే ఒకరి ఫోన్ పోతే అందులో ఉన్న మూడొందల నంబర్లకూ ఆ రోగం పాకుతుంది.

ఫ్రిస్కో (9:20)
మా నాన్నగారిదీ ఇదే గొడవ. చూస్తున్నాను.

టంకం (10:45)
షాపు ఇప్పుడే తెరిచాను, రాజమండ్రిలో పద్నాలుగేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. ఉదయగిరి గారూ, మీరు లొసుగులు చూస్తారు, నేను ఆ అప్‌డేట్ కొట్టాక వచ్చే శవాలను చూస్తాను. మొన్న గురువారం ఒక ఆటో కుర్రాడొచ్చాడు. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్నాడు, పొద్దున లేచేసరికి అప్‌డేట్ అయిపోయి ఉంది, స్క్రీన్ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత పచ్చ గీత. మధ్యాహ్నానికి రెండోది, సాయంత్రానికి సగం తెల్లబడింది. కాంబో, అంటే స్క్రీన్ సెట్ మొత్తం, వేయాలంటే తొమ్మిది వేలు, అమ్మితే ఆ ఫోన్‌కి ఏడు వేలు రావు. సర్వీస్ సెంటర్‌కి పోతే వారంటీ అయిపోయింది అన్నారట. కంపెనీ పేరు ఇక్కడ రాయను, రాసినా ఒరిగేదేం లేదు. వాడు అప్‌డేట్ అడగలేదు, వద్దనే మీట ఎక్కడుందో వాడికి తెలియదు. అది కొట్టినవాడు పైసా కట్టడు. దీన్ని మీరు బలవంతంగా చేయించాలంటారు.

ఉదయగిరి (11:05)
గీత అప్‌డేట్ వల్ల రాదండీ. డిస్‌ప్లేకి వెళ్లే ఫ్లెక్స్ కనెక్షన్, అంటే పల్చటి రిబ్బన్ లాంటి తీగ, ముందే బలహీనంగా ఉంటుంది. అప్‌డేట్ ఎక్కేటప్పుడు ఫోన్ వేడెక్కుతుంది, ఆ వేడికి బయటపడుతుంది. ఇది హార్డ్‌వేర్ లోపం. కారణాన్ని తప్పుగా పట్టుకుంటున్నారు.

టంకం (11:20)
ముందే బలహీనంగా ఉన్న గుండెవాడిని పరిగెత్తించి చంపి, గుండె లోపం అన్నట్టుంది. అప్‌డేట్ కొట్టకముందు ఫోన్ పనిచేసింది, కొట్టాక చచ్చింది. నా బల్ల మీద ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఉదయగిరి (11:26)
అది రుజువు కాదు. అప్‌డేట్ అయ్యాక బాగున్న ఫోన్లు మీ షాపుకి రావు కదా, లక్షల్లో ఉంటాయి అవి.

లెక్కలమాస్టారు (11:50)
నాకు డెబ్బై ఒకటి. నాకు ఫోన్‌లో తెలిసింది నాలుగే పనులు, ఆ నాలుగు నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. ఒక పొద్దున లేచేసరికి కాల్ ఎత్తే బొమ్మ మారిపోయింది. ఇదివరకు పైకి జరిపేవాణ్ని, ఇప్పుడు పక్కకు జరపాలట. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఏడుసార్లు చేసింది, ఏడుసార్లూ నేను కట్ చేశాను. ఆ పిల్ల భయపడి పక్కింటివాళ్లను పంపింది. నన్ను ఎవరూ అడగలేదు. తలుపు గడియ మార్చేటప్పుడు ఇంటాయనకు చెప్పరా?

ఉదయగిరి (12:04)
మాస్టారూ, సెక్యూరిటీ ప్యాచ్ వేరు, వెర్షన్ మార్పు వేరు, బొమ్మలు మార్చడం మరీ వేరు. నేను మాట్లాడుతున్నది మొదటిదాని గురించే.

లెక్కలమాస్టారు (12:15)
మీకు వేరు నాయనా. నాకు వచ్చే నోటీసులో మూడింటికీ ఒకటే మాట ఉంటుంది, "అప్‌డేట్ అందుబాటులో ఉంది" అని.

మల్లెపందిరి (1:10)
నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఆఫీసు ఇచ్చిన ఫోన్ 2 జీబీ ర్యామ్. డ్యూటీ యాప్‌కి కొత్త వెర్షన్ వస్తే వేసుకోకుండా హాజరు పడదు, వేసుకుంటే ఫోన్ హ్యాంగ్. డేటా మా జేబులోంచే. పిల్లలు అన్నం కోసం కూర్చుని ఉంటారు, నేను ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం గేటు దగ్గర నిలబడతాను. బలవంతం చేసేవాళ్లు ఆ బరువు మోసే ఫోన్ కూడా ఇవ్వాలి. అంతే నా మాట.

టంకం (1:40)
ఇంకో సంగతి. వన్నాక్రైలో విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లకు మార్చిలో ప్యాచ్ ఎక్కడ ఇచ్చారండీ? దాడి జరిగాక అందరికీ ఇచ్చారు. అంటే చేతిలో ఉండి కూడా పాతవాళ్లకు ఇవ్వలేదు.

ఉదయగిరి (1:52)
ఆ దాడిలో దెబ్బతిన్నవాళ్లలో దాదాపు అందరూ విండోస్ 7 వాళ్లు. వాళ్లకు మార్చిలోనే ప్యాచ్ ఉంది. వేసుకోలేదు. ఎక్స్‌పీ వాటా చాలా తక్కువ.

టంకం (1:58)
తక్కువైతే మనుషులు కాదా? ఎక్స్‌పీ వాళ్లకు ఇచ్చారా లేదా, అది చెప్పండి.

ఉదయగిరి (2:03)
ఎక్స్‌పీకి 2014లోనే సపోర్ట్ అయిపోయింది. మీరు ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నారు.

ఫ్రిస్కో (2:10)
2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు, ఆ ఫొటో అందరూ చూసే ఉంటారు. అది కూడా ఎవరినీ అడక్కుండా వచ్చిన అప్‌డేటే.

టంకం (3:30)
భోజనం చేసొచ్చాను. కంపెనీలను గుడ్డిగా నమ్మమంటారు కాబట్టి అడుగుతున్నాను. ఐఫోన్లలో పాత బ్యాటరీ ఉంటే అప్‌డేట్‌తో వేగం తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో, బయటివాళ్లు పట్టుకున్నాక, ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. బ్యాటరీ మారిస్తే సరిపోయే ఫోన్లను ఎంతమంది పారేశారో. ఇటలీలో 2018లో ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి యాభై లక్షల యూరోలు జరిమానా వేశారు, పాత ఫోన్ మోయలేని అప్‌డేట్ ఎక్కించుకోమని జనాన్ని ఒత్తిడి చేసినందుకు. 2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏకి ఒక అప్‌డేట్ దానంతట అదే ఎక్కింది, బ్యాటరీ చాలామందికి సగం పూట కూడా రాలేదు. వెనక్కి పోదామంటే పాత వెర్షన్ కూడా తీసేశారు. తర్వాత ఉచిత బ్యాటరీ అన్నారు, కాస్త డబ్బు అన్నారు. ఇవన్నీ పెద్ద దేశాల్లో అడిగేవాళ్లున్నారు కాబట్టి బయటికొచ్చాయి. మా ఆటో కుర్రాడి తరఫున ఎవరు అడిగారు?

ఉదయగిరి (3:48)
మీ బాధ అర్థమైంది. కానీ ఒక మాట సూటిగా అంటాను. పాత ఫోన్లు బతికుంటేనే మీ షాపు నడుస్తుంది. మీరు జనానికి అప్‌డేట్ వద్దని చెప్పడంలో మీ లాభం ఉంది.

టంకం (3:55)
నోరు జారకండి. అప్‌డేట్ కొట్టి ఫోన్ పోతేనే నా దగ్గరికి వస్తారు, గిరాకీయే కావాలంటే పొద్దున్నే బోర్డు పెడతాను అందరూ అప్‌డేట్ చేసుకోండని. మీకు ఆఫీసు వాళ్లు కొత్త ఫోన్ చేతిలో పెడతారు. ఆరు వేల ఫోన్ ఆరేళ్లు వాడాల్సిన మనిషిని మీరు ఎప్పుడైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, బోర్డు డెడ్ అమ్మా అని చెప్పారా? నేను రోజూ చెబుతాను. లోపలున్న మనవడి ఫొటోలు తీయగలవా బాబూ అని అడుగుతారు, తీయలేనప్పుడు ఆ ముఖం చూడాలి.

లెక్కలమాస్టారు (4:05)
ఇద్దరూ నెమ్మదించండి.

ఉదయగిరి (4:40)
గిరాకీ మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. మా అమ్మ ఫోన్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్ చేసింది నేనే. ఒకసారి అప్‌డేట్ అయ్యాక అక్షరాలు చిన్నవైపోయాయని ఏడ్చింది, సరే అని ఆపేశాను. ఆపి మరిచిపోయాను, మూడేళ్లు. గత ఏడాది తెలిసినవాళ్ల నంబర్ నుంచే పెళ్లి పత్రిక అని ఏపీకే ఫైల్, అంటే నొక్కితే యాప్ ఎక్కించే ఫైల్, వచ్చింది. పాపం వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలోకి పోయింది. అమ్మ నొక్కింది. అది ఓటీపీలు వాడికి పంపించింది. 1,86,000 రూపాయలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి మరుసటి రోజు మధ్యాహ్నం అయింది. ఆండ్రాయిడ్ 13 నుంచి, అలా బయటి నుంచి ఎక్కిన యాప్ యాక్సెసిబిలిటీ అనుమతి, అంటే తెర మీదున్నది చదివి మన బదులు నొక్కే అనుమతి, అడిగితే ఫోనే అడ్డుపడుతుంది. అమ్మ ఫోన్‌కి ఆ వెర్షన్ వచ్చి ఏడాదిన్నర అయింది, నేను ఆపిన మీట వల్ల ఎక్కలేదు. ఆ పని చేసే నాకే గుర్తు లేకపోతే పల్లెలో ఉన్నవాళ్లకు ఎవరు గుర్తుచేస్తారు? అందుకే అంటున్నాను, ఇష్టానికి వదిలేస్తే ఎవరూ చేయరు.

టంకం (5:15)
అమ్మగారి సంగతి వింటే బాధేసింది అన్నా. కానీ ఆ అడ్డం దాటే దారి కూడా సెట్టింగ్స్‌లోనే ఉంది, దొంగ ఫోన్‌లో మాట్లాడుతూ "ఇక్కడ నొక్కండమ్మా" అని దాటిస్తాడు. మా వీధిలో కొత్త ఫోన్ ఉన్నాయనకే జరిగింది. అయినా నేను అప్‌డేట్‌కి శత్రువును కాను. మా ఇంట్లో ఫోన్లన్నిటికీ నెలనెలా నేనే కొడతాను, ఎందుకంటే పోతే బాగుచేసుకోవడం నాకొచ్చు. ఆటో కుర్రాడికి రాదు. కొట్టినవాడు, పోతే నాది బాధ్యత అని రాసివ్వనీ, షాపుకొచ్చే ప్రతి ఫోన్‌కీ నా డేటాతో ఉచితంగా కొడతాను.

ఉదయగిరి (5:30)
ఆ కాగితం వచ్చేదాకా ఆగితే ఇంకెంతమంది అమ్మలు పోగొట్టుకోవాలి?

టంకం (5:33)
ఆ కాగితం లేకుండా ఇంకెంతమంది ఫోన్లు పోగొట్టుకోవాలి?

పాకాల (ఆదివారం, సాయంత్రం 6:20)
ఊళ్లో ఉన్నా. బాపు ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లోకి పోయాను. అప్‌డేట్ వెతుకు అని నొక్కితే కాసేపు తిరిగి, "మీ సిస్టమ్ అప్‌టుడేట్‌గా ఉంది" అని పచ్చ టిక్ పెట్టింది. దాని కిందే సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, 2021 ఫిబ్రవరి. నాలుగుసార్లు నొక్కాను, అదే టిక్. మనం రెండు రోజులుగా కొట్టుకుంటున్న అప్‌డేట్ ఈ ఫోన్‌కి అసలు లేదు. బాపు మంచం మీద కూర్చుని "చేసినవా?" అని అడుగుతున్నాడు. బ్యాంకు యాప్ చేయమంటోంది, ఫోనేమో అంతా బాగుందంటోంది, ఆయనను మొండివాడని నేను ఇక్కడ రాశాను.

మల్లెపందిరి (6:35)
నేను చెప్పింది ఇదే. ఎవరూ పట్టించుకోలేదు.

ఉదయగిరి (7:00)
అవునమ్మా, మీ పోస్టు దాటి వెళ్లిపోయాను, తప్పే. పాకాల గారూ, ఈ తేదీ చూసి నాకు కోపం కంపెనీ మీద వస్తోంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన, ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్ ఇవ్వాలి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్లు అంటున్నారు. అవి ఖరీదైన ఫోన్లు. మన దగ్గర ఎనిమిది వేల ఫోన్ డబ్బా మీద పాలప్యాకెట్‌కి ఉన్నట్టు గడువు తేదీ ముద్రించాలి, ముందు వాళ్లను బలవంతపెట్టాలి. ఇక్కడ టంకం గారితో ఏకీభవిస్తాను. కానీ బ్యాంకు ఆ ఫోన్‌లో యాప్ ఆపడం ఇప్పటికీ కరెక్టే అంటాను. నాలుగేళ్లకు పైగా మూయని లొసుగులున్న ఫోన్ అది. ఈ రాత్రికే అందులోంచి యూపీఐ కూడా తీసేయండి.

టంకం (7:20)
అక్కడే మీకూ నాకూ పడదు. కంపెనీ చేసిన తప్పుకి శిక్ష పెద్దాయనకు ఎందుకు? డబ్బు పంపడం ఆపండి, రోజుకు రెండు వేల దాకా పరిమితి పెట్టండి, నిల్వ చూసుకోనివ్వండి. తలుపు మొత్తం మూయడానికి బ్యాంకుకి ఏం హక్కుంది?

ఉదయగిరి (7:31)
నిల్వ చూపించాలన్నా లాగిన్ కావాలి. దొంగకు కావాల్సింది ఆ లాగినే.

టంకం (7:34)
అయితే ఆయన నిల్వ ఎలా చూసుకోవాలి?

పాకాల (8:10)
బ్యాంకు మా ఊరికి పదకొండు కిలోమీటర్లు. రేపు సెలవు పెట్టాను, పొద్దున బండి మీద తీసుకెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తా. యూపీఐ తీసేద్దామని చెబితే, ఎరువుల షాపులో ఎట్లా ఇవ్వాలె అని అడిగాడు. ఇంకా తీయలేదు. ఫోన్ ఆయన చేతిలోనే ఉంది.